పల్లికాయ రేటుతో ఎకనామెట్రిక్స్ చదివిన సంగతి

ఎం.ఏ. ఎకనామిక్స్ దూరవిద్యలో కట్టినవాళ్లు చాలామంది ఎకనామెట్రిక్స్ (ఆర్థిక విషయాల మధ్య సంబంధాలను డేటాతో లెక్కగట్టే శాస్త్రం) పేపర్ దగ్గరికి రాగానే, దీని బదులు వేరే ఆప్షనల్ ఏమైనా ఉందా అని చూస్తారు. నేను చూడలేదు. ధైర్యం ఉండి కాదు, దాని బదులు ఇచ్చిన పేపర్ సిలబస్ ఇంకా బోరుగా కనిపించింది, అంతే. ఇప్పుడు పరీక్ష అయిపోయింది, ఫలితం కూడా వచ్చింది కాబట్టి ఎలా చదివానో, ఏది పనికొచ్చిందో, ఏది వదిలేసినా నడిచిందో రాస్తున్నాను. లెక్కల్లో ఎం.ఎస్సీ. చేసినవాళ్లకు ఇందులో కొత్తేమీ ఉండదు. ఇంటర్ నుంచి ఆర్ట్స్ గ్రూపులో, తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్ల కోసం ఇది.

నేను జడ్చర్ల దగ్గర పల్లెటూరివాణ్ని. బాదేపల్లి మార్కెట్ యార్డులో ఒక అడ్తి (కమీషన్) దుకాణంలో లెక్కలు రాస్తాను. రైతు తెచ్చిన సరుకు రాశి పోయించడం, రేటు పడ్డాక కాంటా, దడువాయి (తూకం వేసే మనిషి) రాసిన తూకం చూసి తక్‌పట్టీ (రైతుకిచ్చే లెక్క చీటీ) కొట్టడం, హమాలీ, చాట కూలి లెక్క తేల్చడం, సాయంత్రం చిట్టా సరిచూడటం నా పని. గణితం పదో తరగతితోనే ఆగింది. బి.ఏ.లో స్టాటిస్టిక్స్ అంటే సగటు, మధ్యగతం, కార్ల్ పియర్సన్ సహసంబంధం, అంతవరకే.

పుస్తకాలు పోస్టులో ఆలస్యంగా వచ్చాయి, అదీ ఒకటి తగ్గి. మా యూనివర్సిటీ పేరు ఇక్కడ అనవసరం, ఏ దూరవిద్యలోనైనా ఈ బాధ కొద్దో గొప్పో ఉండేదే. ఈలోగా నన్ను ఆదుకున్నది ఈ-జ్ఞాన్‌కోశ్. ఇగ్నో పాఠాలు చాలావరకు అందులో ఉచితంగా దొరుకుతాయి, వేరే యూనివర్సిటీలో చదివేవాళ్లయినా దించుకోవచ్చు. సిలబస్‌లో ఎనభై పాళ్లు ఎక్కడైనా ఒకటే. ఎన్‌పీటీఈఎల్ (ఐఐటీల ఉచిత ఆన్‌లైన్ పాఠాలు) వీడియోలు కూడా చూశాను కానీ, ఐఐటీ సారు బోర్డు నిండా గుర్తులు రాస్తుంటే భోజనం చేసి కూర్చున్న మనిషికి నిద్ర ఆగదు. ముందు చేత్తో లెక్క చేసుకుని తర్వాత చూస్తే మాత్రం ఆ వీడియోలే బాగా ఎక్కాయి.

నాకు వచ్చిన పుస్తకంలో మొదటి యూనిట్ ఈ శాస్త్రం చరిత్ర. రాగ్నర్ ఫ్రిష్, యాన్ టిన్‌బెర్గెన్ ఇద్దరికీ కలిపి 1969లో ఆర్థికశాస్త్రంలో మొట్టమొదటి నోబెల్ వచ్చింది వంటివి. రెండు మార్కుల ప్రశ్నకు పనికొస్తుంది, ఒకసారి చదివి పక్కన పెట్టండి. ఆ వెంటనే మ్యాట్రిక్స్ రూపంలో మొత్తం మోడల్ ఇస్తారు. అక్కడే చాలామంది పుస్తకం మూసేస్తారని నా అనుమానం. నేను ఆ యూనిట్‌ను మొత్తంగా దాటేసి రెండు చలరాశుల దగ్గరికి పోయాను, ఒక ఎక్స్, ఒక వై. మ్యాట్రిక్స్ దగ్గరికి చివర్లో, పరీక్షకు నెల ముందు వచ్చాను, అప్పటికి అది అదే లెక్కను పొట్టిగా రాసే పద్ధతి అని తెలిసిపోయింది, భయం లేదు.

చేత్తో చేసిన మొదటి లెక్క ఇక్కడ ఇస్తాను, ఎక్స్‌ను బట్టి వైను అంచనా వేసే గీతను పట్టుకోవడం, ఎందుకంటే సగం పేపర్ ఇందులోనే ఉంది. ఉత్త అంకెలే, ఏ సరుకు రేట్లూ కావు. ఎక్స్ 1, 2, 3, 4, 5. వై 3, 5, 4, 7, 6. ఎక్స్ సగటు 3, వై సగటు 5. ఒక్కో అంకెలోంచి దాని సగటు తీసేయండి, రెండు తేడాలను గుణించి కూడితే 8 వస్తుంది, ఎక్స్ తేడాల వర్గాలు కూడితే 10. ఎనిమిదిని పదితో భాగిస్తే వాలు 0.8. ఇంటర్‌సెప్ట్, అంటే ఎక్స్ సున్నా అయినప్పటి వై, 5 లోంచి 0.8 ఇంటూ 3 తీసేస్తే 2.6. గీత వచ్చేసింది. ఇప్పుడు ఈ గీత చెప్పే వై విలువలు 3.4, 4.2, 5, 5.8, 6.6. అసలు వై లోంచి వీటిని తీస్తే మిగిలేవి రెసిడ్యువల్స్: మైనస్ 0.4, 0.8, మైనస్ 1, 1.2, మైనస్ 0.6. కూడి చూడండి, సున్నా. ఒక్కోదాన్ని దాని ఎక్స్‌తో గుణించి కూడినా సున్నా. పుస్తకంలో 'నార్మల్ ఈక్వేషన్స్' అని పేజీ నిండా ఉన్నది ఈ రెండు సున్నాలే.

అక్కడితో ఆగకూడదు. రెసిడ్యువల్స్ వర్గాలు కూడితే 3.6, వై తేడాల వర్గాల మొత్తం 10, కాబట్టి ఆర్ స్క్వేర్ (వై మార్పుల్లో గీత వివరించిన వంతు) 0.64. వినడానికి బాగుంది కదా, అరవై నాలుగు శాతం. ఇప్పుడు 3.6 ని 3 తో భాగించండి, అయిదు పరిశీలనల్లోంచి రెండు గుణకాలు (వాలు, ఇంటర్‌సెప్ట్) పోగా మిగిలిన 3 అది. 1.2 వస్తుంది. దాన్ని 10 తో భాగించి వర్గమూలం తీస్తే స్టాండర్డ్ ఎర్రర్, అంటే వాలు అంచనా ఎంత అటూ ఇటూ కావచ్చో చెప్పేది, దాదాపు 0.346. వాలును దానితో భాగిస్తే టి విలువ 2.31. టి పట్టికలో 3 డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ (ఇందాక మిగిలిన ఆ 3) దగ్గర 5 శాతానికి ఉన్నది 3.182. మనది దాన్ని దాటలేదు. అంటే ఆర్ స్క్వేర్ 0.64 ఉన్నా, ఎక్స్‌కు వైతో సంబంధం ఉందని ఈ అయిదు అంకెలతో గట్టిగా చెప్పలేం. ఈ ఒక్క లెక్క చేసిన రాత్రి నుంచి ఆర్ స్క్వేర్ ఎక్కువ ఉంటే మోడల్ మంచిది అన్న మాట ఎవరు అన్నా నేను నమ్మలేదు. పరీక్షలో సరిగ్గా దీని మీదే ఒక చిన్న ప్రశ్న వచ్చింది.

కాంటాక్ట్ క్లాసులు మహబూబ్‌నగర్‌లో ఆదివారాలు. యార్డు సెలవు కాబట్టి నాకు ఇబ్బంది లేదు, జడ్చర్ల నుంచి బస్సు ఎక్కితే ఎంతసేపు. కానీ ఈ పేపర్‌కు క్లాసులు జరిగింది తక్కువ. మిగతా పేపర్లకు గది నిండేది, దీనికి నలుగురైదుగురం. చెప్పడానికి వచ్చిన సారు మాత్రం మంచివాడు. మొదటి రోజే, 'మీరందరూ ఉద్యోగాలు చేస్తున్నోళ్లే కదా, మీ పనిలో రెండు అంకెలు రోజూ రాసేవి ఏమున్నాయో చెప్పండి' అని అడిగాడు. ఒకామె అంగన్‌వాడీలో పిల్లల బరువు, వయసు అంది. ఇంకొకాయన ఆర్టీసీ డిపోలో డీజిలు, కిలోమీటర్లు అన్నాడు. నేను పల్లికాయ రాబడి (యార్డుకు వచ్చిన సరుకు), రేటు అన్నాను. 'మరింకేం, రాబడి పెరిగితే రేటు ఎంత తగ్గుతదో తేల్చుకుని రా' అన్నాడు సారు, నవ్వుకుంటా. అది అంత చిన్న పని కాదని ఆయనకు తెలుసు, నాకు తెలియదు.

తర్వాత క్రామర్-రావు ఇనీక్వాలిటీ (అంచనాలో అస్థిరత ఇంతకంటే తగ్గదు అని హద్దు చెప్పే సూత్రం) దగ్గర ఆయన కాసేపు ఆగి, ఈ రావు మన సి.ఆర్. రావు గారే, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఏ. చేసినాయన, 1945లో కలకత్తాలో ఉండగా పాతికేళ్లకే ఇది అచ్చు వేశాడు అని చెప్పాడు. అంతవరకు ఆ పేరు నాకు ఫార్ములాలో ఒక ముక్కే. సిలబస్‌లో మనకు తెలిసిన ఇంటిపేరు ఒకటి కనిపిస్తే చదవడానికి ఎందుకో కొంచెం ఊపు వస్తుంది, నవ్వుకున్నా సరే.

ఇక అసలు కథ. మా దిక్కు పల్లికాయ ఎక్కువగా యాసంగి పంట, బోర్ల కింద వేస్తారు, సంక్రాంతి ముందూ వెనకా నుంచి యార్డుకు రావడం మొదలై మార్చి దాకా సాగుతుంది. మా దుకాణం చిట్టాలోంచి రోజువారీ బస్తాలు, ఆ రోజు సగటు రేటు తీసి ఎక్సెల్‌లో కొట్టుకున్నాను. సేటుకు చెప్పే చేశాను, పేర్లు ఏవీ తీసుకోలేదు. సేటు అడిగింది ఒక్కటే: 'ఇది రేపటి రేటు చెప్తదా?' చెప్పదు సేటూ అన్నాను. 'మరెందుకు మల్ల' అని పోయాడు.

సాఫ్ట్‌వేర్‌కు డబ్బు పెట్టక్కర్లేదు. గ్రెటల్ అని ఒకటుంది, ఉచితం, పాత ల్యాప్‌టాప్‌లో కూడా నడుస్తుంది. ఎక్సెల్ ఫైలు నేరుగా తీసుకుంటుంది. రోజువారీ డేటా అని చెప్తే వారానికి అయిదు రోజులా, ఆరా, ఏడా అని అడుగుతుంది, ఆదివారం సెలవున్న మన యార్డు లాంటి చోట్లకు ఆరు పెట్టుకోవచ్చు. ఒక్క నొక్కుతో గుణకాలు, స్టాండర్డ్ ఎర్రర్లు, టి విలువలు, పక్కన చుక్కలు (గుణకం ఎంత నమ్మదగ్గదో చూపే నక్షత్రం గుర్తులు), కింద ఆర్ స్క్వేర్, డర్బిన్-వాట్సన్ అన్నీ పడతాయి. ముందుగా పైన చెప్పిన అయిదు అంకెలే అందులో వేసి, నా నోట్‌బుక్‌లో వచ్చినవే వస్తున్నాయా అని చూసుకున్నాను. మీరూ అలాగే చేయండి, తెర మీది ప్రతి అంకె ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది.

పల్లికాయ వేసి నొక్కితే రాబడి గుణకం ప్లస్ వచ్చింది. అంటే సరుకు ఎక్కువ వచ్చిన రోజు రేటు ఎక్కువ! యార్డులో నిలబడ్డ ఎవరినడిగినా దీనికి నవ్వుతారు. సరుకు పోటెత్తితే ఖరీదుదారులు రేటు దించుతారన్నది పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ వింటున్న మాటే.

కారణం పుస్తకంలో 'స్పెసిఫికేషన్ ఎర్రర్' అన్న చోట ఉంది, కానీ నాకు తట్టింది యార్డులో. సీజన్ మొదట్లో వచ్చే కాయ పచ్చిది. పీకిన రెండు రోజులకే అప్పుల ఒత్తిడితో తెస్తారు, తేమ ఎక్కువ, రేటు తక్కువ పడుతుంది, వచ్చే సరుకూ తక్కువే. ఫిబ్రవరికి బాగా ఎండిన కాయ వస్తుంది, రేటు బాగుంటుంది, రాబడీ బాగుంటుంది. నా మోడల్‌లో తేమ లేదు. తేమ రేటును తగ్గిస్తుంది, అది మైనస్. రాబడి పెరిగేసరికి తేమ తగ్గుతోంది, అదీ మైనస్. మైనస్ ఇంటూ మైనస్ ప్లస్, ఆ ప్లస్ వచ్చి రాబడి గుణకం మీద కూర్చుంటుంది. ఆమిటెడ్ వేరియబుల్ బయాస్ ఫార్ములా ఇంతే: వదిలేసినదాని ప్రభావం ఇంటూ, వదిలేసినదానికీ ఉంచినదానికీ ఉన్న సంబంధం. ఈ గుర్తుల లెక్క ఒకసారి పట్టుబడితే పరీక్షలో ఏ ఉదాహరణ ఇచ్చినా బయాస్ పైకా కిందికా అన్నది నిమిషంలో చెప్పొచ్చు.

చిట్టాలో తేమ రాసే అలవాటు మాకు లేదు. మీటర్ పెట్టి చూస్తారు, రేటు చెప్తారు, అంతటితో సరి. అందుకని ముందు నెలలకు డమ్మీలు (ఆ నెల అయితే 1, కాకపోతే 0) పెట్టాను. జనవరి, ఫిబ్రవరి, మార్చి మూడింటికీ పెట్టి ఇంటర్‌సెప్ట్ కూడా ఉంచితే మూడు డమ్మీల మొత్తం ఎప్పుడూ 1 అవుతుంది, ఇంటర్‌సెప్ట్ కాలమ్‌లో కూడా అన్నీ 1లే, లెక్క తేలదు. గ్రెటల్ అలాంటప్పుడు ఒకదాన్ని తనే తీసేసి ఆ సంగతి చెప్తుంది. డమ్మీ వేరియబుల్ ట్రాప్ అంటే ఇదే, ఒక నెల వదిలేయాలి. డమ్మీలతో రాబడి గుణకం సున్నా దగ్గరికి దిగింది. ఆ తర్వాత నేనే ఒక చిన్న నోట్‌బుక్ పెట్టి మా దుకాణం ముందు పోసిన ప్రతి రాశికీ మీటర్ రీడింగ్ రాయడం మొదలుపెట్టాను. తేమ వేశాక మైనస్ వచ్చింది, చిన్నదే, కానీ మైనస్.

ఇక డర్బిన్-వాట్సన్. ఇది 0 నుంచి 4 మధ్య ఉంటుంది, 2 దగ్గర ఉంటే రెసిడ్యువల్స్‌కు వరస సంబంధం లేనట్టు. నాది ఒకటి కంటే కిందే. ఆశ్చర్యం ఏముంది, నిన్న రేటు అనుకున్నదానికంటే ఎక్కువ పడితే ఇవాళా అలాగే పడుతుంది, వ్యాపారులు ఒక్క రాత్రిలో మారిపోరు. గుణకం దీనివల్ల తప్పు దారి పట్టనక్కర్లేదు కానీ స్టాండర్డ్ ఎర్రర్లు నమ్మదగ్గవి కావు, చుక్కలు ఉత్త గొప్పలు చూపిస్తాయి. పైగా పోటు రోజుల్లో మంచి కాయ, నాసి కాయ అన్నీ కలిసి వస్తాయి కాబట్టి రేట్ల తేడా కూడా ఎక్కువ, అంటే హెటిరోసెడాస్టిసిటీ కూడా ఉంది. గ్రెటల్‌లో రోబస్ట్ స్టాండర్డ్ ఎర్రర్స్ అన్న గడిలో టిక్ పెడితే, కాలక్రమ డేటా అయితే ఈ రెండింటినీ తట్టుకునే రకం ఇస్తుంది. టిక్ పెట్టాక నా చుక్కలు కొన్ని రాలిపోయాయి. బాధేసింది, కానీ అదే నిజం. నిన్నటి రేటును కూడా ఒక చలరాశిగా వేసుకుంటే మాత్రం డర్బిన్-వాట్సన్ పనికిరాదు, 2 వైపు లాగేస్తుంది, అప్పుడు వరస సంబంధానికి బ్రూష్-గాడ్‌ఫ్రీ టెస్ట్ చూడాలి. పరీక్షకు ఇది ముఖ్యం.

ఇదంతా చేసి అయిపోయిందనుకుంటుండగా దేవరకద్ర దిక్కు నుంచి వచ్చిన ఒక పెద్దాయన ట్రాక్టర్ నిండా కాయ దించాడు. 'ఏం కాకా, ఇయ్యాల ఇంత తెచ్చినవ్?' అంటే, 'నిన్న రేటు మంచిగ పడ్డదని మావోళ్లు ఫోన్ చేసిండ్రు, అందుకే తెచ్చిన' అన్నాడు. నేను రాబడి వల్ల రేటు అని మోడల్ రాసుకుని కూర్చున్నాను. ఈయన రేటు వల్ల రాబడి అంటున్నాడు. రెండూ నిజమే. సైమల్టేనియస్ ఈక్వేషన్స్ యూనిట్ అప్పటికి చదివాను గానీ, ఐడెంటిఫికేషన్ ఎందుకు అంత పెద్ద సమస్యో ఆ కాక చెప్పాకే తలకెక్కింది. చుక్కలు వేసి గీత గీస్తే అది డిమాండ్ గీతా, సప్లై గీతా? రెండూ జరుగుతుంటే మనకు కనిపించేది అవి కలిసిన చోట్లు మాత్రమే.

దీనికి దారి మొదట చూపించినవాళ్లలో ఫిలిప్ రైట్ అనే అమెరికన్ ఒకడు. 1928లో జంతు, వృక్ష నూనెల మీద సుంకాల గురించి రాసిన పుస్తకం చివర అనుబంధంలో పెట్టాడు. డిమాండ్, సప్లైలలో ఒక పక్షాన్ని మాత్రమే కదిలించి రెండో పక్షాన్ని ముట్టని కారణం ఏదైనా దొరికితే, దాని సాయంతో రెండో గీతను పట్టుకోవచ్చు అని. అలాంటి కారణాన్నే ఇన్‌స్ట్రుమెంట్ అంటారు. ఆయన లెక్క వేసిన సరుకుల్లో అవిసె గింజలు ఉన్నాయి. నూనె గింజలతో మొదలైన పద్ధతిని నూనె గింజల యార్డులో కూర్చుని చదువుతున్నానని తెలిసి నాకు భలే సంతోషమేసింది, ఎవరికి చెప్పినా అర్థం కాని సంతోషం.

మరి నాకు అలాంటి కారణం ఏముంది? మొదట వాన అనుకున్నాను, వాన పడితే సరుకు రాదు. కానీ వాన తేమను పెంచుతుంది, ఖరీదుదారు తేమ చూసే రేటు పెడతాడు, కాబట్టి వాన రెండు పక్కలా తగులుతుంది, పనికిరాదు. తర్వాత యార్డు సెలవులు. సెలవు మర్నాడు సరుకు పోగవుతుంది, సెలవు రేటును బట్టి రాదు కదా అని. సారుకు చెప్పాను. ఆయన ఆలోచించి, 'ఆయిల్ మిల్లులు ఆదివారం కూడా నడుస్తయ్ కదా, సోమవారం కొనేటోనికి కూడా అవసరం పెరిగి ఉంటది. అది డిమాండ్‌ను ముట్టదని ఎట్లంటవ్?' అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. మంచి ఇన్‌స్ట్రుమెంట్ దొరకడం ఎంత కష్టమో పుస్తకం ఒక్క వాక్యంలో దాటేస్తుంది, నాకైతే మొత్తం సిలబస్‌లో రుచి తగిలింది ఇక్కడే.

అసైన్‌మెంట్లు చేత్తో రాయాలి. చాలామంది జిరాక్స్ షాపులో అమ్మే రెడీమేడ్ జవాబులు కాపీ చేస్తారు, అవి చూశాను, వాటిలో టి పట్టిక విలువలే తప్పు ఉన్నాయి. అసైన్‌మెంట్ ప్రశ్నలే కొద్ది మార్పులతో పరీక్షలో వస్తాయి కాబట్టి సొంతంగా రాసుకున్నవాడికే లాభం. నేను మల్టీకొలీనియారిటీ (చలరాశులు ఒకదానితో ఒకటి మరీ కలిసి కదలడం) ప్రశ్నకు బస్తాల లెక్కనూ క్వింటాళ్ల లెక్కనూ ఒకే మోడల్‌లో పెట్టి చూపించాను, రెండూ దాదాపు ఒకటే కదా, ఆ కలయికను కొలిచే విఐఎఫ్ పదిని ఎప్పుడో దాటేసింది. దిద్దినవాళ్లు పక్కన టిక్ పెట్టారు, ఇంకేం రాయలేదు.

పరీక్ష సంగతి కూడా ఉన్నదున్నట్టు చెప్పాలి. అక్కడ గ్రెటల్ లేదు, పల్లికాయ లేదు. గాస్-మార్కోవ్ సిద్ధాంతం (కొన్ని ఊహలు నిజమైతే, పైన గీత పట్టిన పద్ధతే బయాస్ లేని సరళ అంచనాల్లో మేలైనదని చెప్పేది) నిరూపించమన్నారు, అది రాసి రాసి చేతికి రావాల్సిందే, వేరే దారి లేదు. నేను పొద్దున యార్డు తెరిచేలోపు ఒకసారి తెల్ల కాగితం మీద రాసేవాణ్ని. నిరూపణలో ఏ మెట్టు దగ్గర ఏ ఊహ వాడుతున్నామో పక్కన తెలుగులో గుర్తు పెట్టుకున్నాను: ఇక్కడ సగటు సున్నా అన్నది వాడాం, ఇక్కడ వేరియెన్స్ అన్నిటికీ ఒకటే అన్నది వాడాం, ఇక్కడ ఒకదానికొకటి సంబంధం లేదన్నది వాడాం అని. అలా చదివితే మధ్యలో మర్చిపోయినా మళ్లీ అల్లుకోవచ్చు. జవాబులు ఇంగ్లిష్‌లో రాయాల్సి వచ్చింది, పొట్టి పొట్టి వాక్యాలు రాశాను, ఎవరూ మార్కులు కోసినట్టు లేదు. ఫస్ట్ క్లాస్ మార్కులు రాలేదు. పాస్‌కు చాలా పైనే వచ్చాయి, ఈ పేపర్‌లో అది చాలు నాకు.

తేమ నోట్‌బుక్ ఆపలేదు. ఈ యాసంగి నుంచి దాంట్లో ఇంకో కాలమ్ కలిపాను, ఆ రోజు టెండరు వేసిన ఖరీదుదారులు ఎంతమంది అని. సేటు చూసి, ఇది మాత్రం పనికొచ్చేటట్టుంది అన్నాడు.